ముక్క పరీక్షలో ఏం చూస్తారు?

"ముక్క తీసి పరీక్షకు పంపాం, రిపోర్టు రావడానికి వారం పడుతుంది" అని డాక్టరుగారు చెప్పగానే మనలో చాలామందికి కాళ్లూ చేతులూ ఆడవు. రక్తపరీక్ష కాగితం సాయంత్రానికల్లా చేతికొస్తుంది. స్కానింగ్ రిపోర్టు చాలాచోట్ల ఆ పూటే ఇచ్చేస్తారు. మరి గోరంత ముక్కను చూడ్డానికి వారం రోజులా? ఎక్కడైనా పారేశారేమో, మన దగ్గర ఏదైనా దాస్తున్నారేమో అని వెయ్యి అనుమానాలు. రాత్రి నిద్రుండదు, పగలు పొయ్యి వెలిగించబుద్ధి కాదు.

అందుకే ఈ వారం మనం కూడా ఆ గోరంత ముక్క వెంట ల్యాబు దాకా వెళ్లొద్దాం. ఊరికే వెళితే ఏం అర్థమవుతుంది? కాబట్టి ఒక జబ్బును ఉదాహరణగా తీసుకుందాం. కాలేయంలో, అదేనండీ లివర్‌లో, అరుదుగా వచ్చే ఒక కణితి ఉంది. దాని పేరు ఫైబ్రోలామెల్లర్ కార్సినోమా. పేరు చూసి బెదిరిపోకండి. 'ఫైబ్రో' అంటే నార, 'లామెల్లా' అంటే పలుచని రేకు. నార రేకులున్న క్యాన్సర్ అన్నమాట. దీన్ని గుర్తుపట్టాలంటే చివరికి మైక్రోస్కోపే దిక్కు. ముక్క పరీక్ష విలువ తెలియాలంటే ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు కనిపించలేదు.

తాగుడు లేదు, కామెర్లు లేవు... అయినా!

లివర్ క్యాన్సర్ అనగానే మనకు తట్టేదేమిటి? ఏళ్ల తరబడి తాగినవాళ్లకో, హెపటైటిస్ బి, సి లాంటి కామెర్ల జబ్బులు ముదిరి లివర్ గట్టిపడిపోయినవాళ్లకో వస్తుందని. మామూలుగా వచ్చే లివర్ క్యాన్సర్ విషయంలో అది చాలావరకు నిజమే. ఫైబ్రోలామెల్లర్ దారి మాత్రం వేరు. ఇది ఎక్కువగా 10 నుంచి 35 ఏళ్ల లోపు వాళ్లలో కనిపిస్తుంది. ఆడపిల్లలు, మగపిల్లలు అనే తేడా పెద్దగా లేదు. వాళ్లకు తాగుడు అలవాటుండదు, పాత లివర్ జబ్బూ ఉండదు. గడ్డ చుట్టూ ఉన్న మిగతా లివరంతా ఆరోగ్యంగానే ఉంటుంది. కాలేయంలో పుట్టే క్యాన్సర్లలో ఇది సుమారు నూటికి ఒకటి మాత్రమే.

లక్షణాలు కూడా గట్టిగా చెప్పుకునేవి కావు. కుడివైపు పక్కటెముకల కింద నొప్పో బరువో, తిండి సయించకపోవడం, కాస్త చిక్కిపోవడం, అంతే. పదిహేనేళ్ల పిల్ల "అమ్మా, కడుపులో నొప్పి" అంటే మనం ఏమనుకుంటాం? బయట తిన్న తిండి పడలేదనో, నెలసరి దగ్గరపడిందనో, పరీక్షల భయమనో అనుకుంటాం. నూటికి తొంభైతొమ్మిదిసార్లు అలాంటిదే అయ్యుంటుంది కూడా. కాబట్టి ఇది చదివి ప్రతి కడుపునొప్పికీ స్కానింగుకు పరిగెత్తకండి. నొప్పి వారాల తరబడి తగ్గకపోయినా, పిల్ల బరువు తగ్గిపోతున్నా, చేతికి గడ్డలా తగిలినా మాత్రం సొంత వైద్యం మానేసి డాక్టరుకు చూపించండి.

ఇంకో తిరకాసు కూడా ఉంది. లివర్ క్యాన్సర్ అనుమానం వస్తే ఏఎఫ్‌పీ అనే రక్తపరీక్ష చేయిస్తారు. మామూలు లివర్ క్యాన్సర్‌లో చాలామందికి అది పెరుగుతుంది. ఫైబ్రోలామెల్లర్‌లో అది సాధారణంగా పెరగదు. "రక్తపరీక్ష నార్మల్‌గా ఉందండీ, ఇంకేం ఫర్వాలేదు" అని గుండె మీద చెయ్యి వేసుకోవడానికి లేదన్నమాట.

స్కానింగ్ ఎక్కడ ఆగిపోతుంది?

సీటీ స్కానులో గడ్డ ఎంతుందో, ఎక్కడుందో, ఏ రక్తనాళానికి దగ్గరగా ఉందో చక్కగా తెలుస్తుంది. ఫైబ్రోలామెల్లర్ గడ్డకు తరచుగా నడిమధ్యన ఒక మచ్చ ఉంటుంది. దాంట్లో కొన్నిసార్లు సున్నం పేరుకుని కనిపిస్తుంది. అయితే ఎఫ్ఎన్‌హెచ్ అనే ఇంకో గడ్డకు కూడా మధ్యలో ఇలాంటి మచ్చే ఉంటుంది. అది ఎక్కువగా ఆడవాళ్లలోనే వస్తుంది. అది క్యాన్సర్ కాదు, చాలామందికి దాన్ని ముట్టుకోవాల్సిన పని కూడా ఉండదు.

చూశారా మరి! ఒకటి వదిలేయొచ్చు, ఇంకోదాన్ని వదిలేస్తే ప్రాణం మీదికొస్తుంది. ఎంఆర్ఐలో ఈ రెండు మచ్చలకూ తేడా చాలావరకు తెలుస్తుందిగానీ ప్రతిసారీ ఖాయంగా చెప్పలేరు. లివర్ గట్టిపడిన పెద్దవాళ్లలో అయితే మామూలు లివర్ క్యాన్సర్‌ను స్కానింగ్ చూసే నిర్ధారించడానికి పద్ధతులున్నాయి. ఆరోగ్యంగా ఉన్న లివర్‌లో, చిన్న వయసులో గడ్డ కనిపిస్తే ఆ లెక్కలు పనికిరావు. అక్కడే ముక్క అవసరం పడుతుంది.

"సూది గుచ్చితే క్యాన్సర్ పాకుతుందట కదా" అని మన ఇళ్లలో పెద్దవాళ్లు భయపెడుతుంటారు. అది పూర్తిగా అబద్ధమని నేను చెప్పను. లివర్ గడ్డల్లో సూది వెళ్లిన దారిలో కణాలు అంటుకోవడం అరుదుగా జరుగుతుంది. ఆ సంగతి డాక్టర్లకూ తెలుసు. అందుకే ముక్క తీయడం వల్ల లాభమెంత, నష్టమెంత అని చూసుకుని నిర్ణయిస్తారు. ఎలాగూ ఆపరేషన్ చేయాల్సిందేనని తేలితే, సూది పెట్టకుండా గడ్డ మొత్తాన్నే తీసి పరీక్షకు పంపడం కూడా ఉంది. "సూది అవసరమా, నేరుగా ఆపరేషన్ చేస్తారా, ఎందుకు?" అని మనం అడగవచ్చు. అడిగితే తప్పేమీ లేదు.

సీసాలో పడ్డాక

ఇక ముక్క సంగతి. సూదితో తీసే ముక్క సన్నని సేమ్యా పుల్లలా ఉంటుంది. పొడవు ఒకటి రెండు సెంటీమీటర్లు. అది బయటికి రాగానే పాడవడం మొదలవుతుంది, కోసిన వంకాయ ముక్క నల్లబడిపోయినట్టు. వంకాయనైతే ఉప్పునీళ్లలో వేస్తాం. దీన్ని మాత్రం ఫార్మలిన్ అనే మందులో వేయాలి. ముక్క ఎంతుంటే దానికి పది రెట్లు ఫార్మలిన్ ఉండాలన్నది ల్యాబుల లెక్క. అప్పుడే కణాలు ఎలా ఉన్నవి అలా నిలిచిపోతాయి.

మా చుట్టాల్లో ఒకావిడకు ఒక ఊళ్లో ముక్క తీసి, సెలైన్ నీళ్లున్న సీసాలో వేసి, "పట్నంలో ల్యాబులో ఇచ్చేయండి" అని చేతికిచ్చి పంపారు. బస్సులో ఐదు గంటలు. ల్యాబువాళ్లు చూసి, కణాలు చెడిపోయాయి, ఏమీ చెప్పలేం అన్నారు. ఆవిడ మళ్లీ సూది పెట్టించుకోవాల్సి వచ్చింది. అసలు జబ్బు పెద్దదేం కాదుగానీ, రెండోసారి పడ్డ బాధ, భయం ఎవరు తీరుస్తారు? అందుకని మన చేతికి సీసా ఇస్తే, "ఇందులో ఉన్నది ఫార్మలినేనా?" అని ఒక్క మాట అడగండి. సీసా మీద పేరు, వయసు, ఎక్కడి ముక్క అన్నది సరిగ్గా రాశారో లేదో చూడండి. మూత మాత్రం తీయకండి, ఆ ఆవిరి కళ్లకు, ముక్కుకు మంచిది కాదు.

ల్యాబులో ముక్కను కొన్ని గంటలపాటు, పెద్దదైతే రాత్రంతా ఫార్మలిన్‌లోనే ఉంచుతారు. తరువాత ఆల్కహాలులో వరసగా ముంచి నీటినంతా లాగేస్తారు. మనం వడియాలు ఎండబెట్టేది కూడా ఇందుకే కదా, తడి ఉంటే నిలవ ఉండదు! ఆ పైన 60 డిగ్రీల దగ్గర కరిగిన మైనంలో వేస్తారు. కొవ్వొత్తి మైనంలాంటిదే. మైనం లోపలి దాకా ఇంకి, చల్లారాక ముక్క చిన్న దిమ్మలా తయారవుతుంది. దీన్నే 'బ్లాక్' అంటారు. ఈ మాట గుర్తుపెట్టుకోండి, చివర్లో మనకు పని ఉంది.

ఆ దిమ్మను ఒక యంత్రం మీద పెట్టి రేకులుగా కోస్తారు. ఎంత పలుచగా అనుకున్నారు? 3 నుంచి 5 మైక్రాన్లు. మన తలవెంట్రుక మందంలో అలాంటివి పదిహేనో ఇరవయ్యో పడతాయి. ఆత్రేయపురం పూతరేకు కూడా దీని ముందు దళసరే! ఆ రేకును గోరువెచ్చని నీటి మీద మీగడలా తేలేసి, ముడత పడకుండా గాజుపలక మీదికి ఎత్తుతారు. చెయ్యి తిరిగినవాళ్లు చేయాల్సిన పని అది. తొందరపడితే రేకు చిరుగుతుంది.

ఇప్పుడర్థమైందా, రోజులెందుకు పడతాయో! పిండి నానకుండా ఇడ్లీ ఎలా రాదో, ముక్క నానకుండా రిపోర్టు అలా రాదు.

నీలం, గులాబి

ఆ రేకుకు సొంత రంగంటూ దాదాపు ఏమీ ఉండదు. అద్దకం వేస్తేగానీ ఏదీ కనిపించదు. దాదాపు 150 ఏళ్లుగా ప్రపంచమంతా వాడుతున్నవి రెండు రంగులు. ఒకటి హెమటాక్సిలిన్. మధ్య అమెరికా ప్రాంతంలో పెరిగే ఒక చెట్టు చేవ నుంచి తీసిన రంగు అది. ఒకప్పుడు బట్టలకు అద్దేవారు. ఇది కణం మధ్యలో ఉండే కేంద్రకానికి నీలం, ఊదా రంగు పట్టిస్తుంది. రెండోది ఇయోసిన్. గ్రీకుల తెల్లవారుజాము దేవత పేరు మీద పెట్టిన పేరు. ఇది కణంలోని మిగతా భాగానికి ఉదయపు ఆకాశంలా గులాబి రంగు ఇస్తుంది. ఇంటర్లో ఉల్లిపాయ పొరకు రంగు వేసి మైక్రోస్కోపు కింద చూసినవాళ్లకు ఈ సంగతి తేలిగ్గా అర్థమవుతుంది.

గాజుపలకను మైక్రోస్కోపు కింద పెట్టి చూసేది పాథాలజిస్టు. మనం ఎప్పుడూ కలవని డాక్టరు. మన నాడి పట్టుకోరు, మన ముఖం చూడరు. కానీ మన జబ్బుకు పేరు పెట్టేది వారే.

ఫైబ్రోలామెల్లర్ అయితే వారికి ముఖ్యంగా మూడు గుర్తులు కనిపించాలి.

మొదటిది, పెద్ద పెద్ద కణాలు, నిండా గులాబి రంగు. మామూలు లివర్ కణం కంటే ఇవి పెద్దవి. లోపలంతా ఎర్రటి రవ్వ పోసినట్టు గరుగ్గా ఉంటుంది. ఆ రవ్వ ఏమిటంటే, మైటోకాండ్రియా. కణానికి శక్తిని వండిపెట్టే పొయ్యిలనుకోండి. ఈ కణాల్లో అవి కిక్కిరిసి ఉంటాయి. పెళ్లివారి వంటశాలలో వరసగా గాడిపొయ్యిలు పెట్టినట్టు!

రెండోది, కేంద్రకం లోపల కేంద్రకాంశం అని ఒక చుక్క ఉంటుంది. మామూలుగా అది సన్నగా ఉంటుంది. ఇక్కడ మాత్రం పెద్ద ముత్తైదువ నుదుటి బొట్టులా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది.

మూడోది, అసలు పేరు తెచ్చిన గుర్తు, నార పట్టీలు. కణాల గుంపుల మధ్యగా ఒకదాని పక్కన ఒకటి సమాంతరంగా నార రేకులు పరుచుకుని ఉంటాయి. తాపేశ్వరం మడత కాజాను అడ్డంగా కోస్తే పొర మీద పొర కనిపిస్తుంది చూడండి, అలాగ. కొన్ని కణాల్లో పాలిపోయిన గుండ్రని మచ్చలు కూడా ఉంటాయి. ఉంటే అనుమానం ఇంకా బలపడుతుంది.

ఇంత స్పష్టంగా ఉంటే ఇంక గొడవేమిటి అంటారా? ఉంది మరి. నార ఎక్కువగా ఉండే మామూలు లివర్ క్యాన్సర్ రకం ఒకటుంది. పిత్తనాళాల్లో పుట్టే క్యాన్సర్‌లోనూ నార బాగా ఉంటుంది. వేరే చోట పుట్టి లివర్‌కు పాకిన గడ్డలూ ఉంటాయి. పైగా సూదిలో వచ్చింది సేమ్యా పుల్లంత ముక్క. అందులో గులాబి కణాలు పడి, నార పట్టీలు పడకపోవచ్చు. కాజా మధ్య ముక్క కాకుండా అంచు ముక్క చేతికొస్తే పొరలెక్కడ లెక్కపెడతాం? మూడు గుర్తుల్లో ఒక్కటి చూసి పేరు రాసేస్తే పొరపాటు జరగొచ్చు. అందుకే మంచి పాథాలజిస్టు ఆగుతారు. "ఇంకో పరీక్ష చేయాలి, మరి నాలుగు రోజులు పడుతుంది" అంటారు. మనం విసుక్కుంటాం. నిజానికి ఆ ఆగడమే మన పిల్లకు రక్ష.

పసుపులో సున్నం కలిపినట్టు

పసుపులో సున్నం కలిపితే ఏమవుతుంది? ఎర్రటి పారాణి అవుతుంది. పసుపు లేని పిండిలో కలిపితే ఎరుపు రాదు. ఎరుపు వచ్చిందంటే అందులో పసుపు ఉన్నట్టే కదా! ఆ రెండో విడత పరీక్షలు కూడా అలాంటివే. ఫలానా ప్రొటీను ఉంటేనే అంటుకునే మందును రేకు మీద వేస్తారు. అంటుకున్నచోట సాధారణంగా గోధుమ రంగు తేలుతుంది. ఈ పరీక్షను రిపోర్టులో ఐహెచ్‌సీ అని రాస్తారు.

హెప్‌పార్-1 అనేది పట్టిందంటే అవి లివర్ కణాల తరహావేనని అర్థం. సీకే7 అనేది మామూలుగా పిత్తనాళాల కణాల్లో ఉండేది. సీడీ68 అనేది ఎక్కువగా శరీరంలో చెత్త ఊడ్చే కణాల్లో కనిపించేది. మామూలు లివర్ క్యాన్సర్‌లో ఈ రెండూ కలిసి కనిపించడం అరుదు. ఫైబ్రోలామెల్లర్ కణాల్లో మాత్రం రెండూ కనిపిస్తాయి. గులాబి కణాలు, పెద్ద బొట్టు, నార రేకులు, వాటికి తోడు ఈ రెండూ పట్టాయంటే పాథాలజిస్టు ధైర్యంగా పేరు రాస్తారు.

అయినా అనుమానం మిగిలితే జన్యు పరీక్ష ఉంది. దాని వెనక ఒక చక్కటి కథ ఉంది, వినండి.

పద్నాలుగేళ్ల అమ్మాయి, పన్నెండేళ్ల అమ్మాయి

ఈ కణితిని మొదట 1956లో అమెరికాలో హ్యూ ఎడ్మండ్‌సన్ అనే పాథాలజిస్టు వర్ణించారు. ఆ రోగి పద్నాలుగేళ్ల అమ్మాయి. ఆ తరువాత 1980లో జాన్ క్రెయిగ్, ఎడ్మండ్‌సన్, మరికొందరు కలిసి, చిన్నవయసు వాళ్లలో కనిపించే ఈ రకం వేరేనని, దాని గుర్తులు ఇవీ అని రాశారు. అదే ఏడాది మరో బృందం కూడా ఇదే మాట చెప్పింది. చూడండి, మొదటి అమ్మాయికీ, ఆ జబ్బు నలుగురికీ తెలియడానికీ మధ్య 24 ఏళ్లు! ఆ మధ్యకాలంలో ఎంతమంది పిల్లల రిపోర్టుల్లో ఉత్త 'లివర్ క్యాన్సర్' అని రాసి ఉంటారో!

తరువాత ఎలానా సైమన్ అనే అమెరికా అమ్మాయి కథ. ఆమెకు పన్నెండేళ్ల వయసులో ఈ కణితి ఉందని తేలింది. న్యూయార్క్‌లో ఆపరేషన్ చేసి తీసేశారు. వేరే పిల్లయితే, గండం గడిచిందని ఊరుకునేది. ఈ అమ్మాయి హైస్కూల్లో ఉండగానే ఆ జబ్బు ఎందుకొస్తుందో తెలుసుకుంటానని పట్టుబట్టింది. వాళ్ల నాన్న రాక్‌ఫెల్లర్ విశ్వవిద్యాలయంలో శాస్త్రవేత్త. తనకు ఆపరేషన్ చేసిన సర్జనూ చెయ్యి కలిపారు. అరుదైన జబ్బు కాబట్టి ముక్కలు దొరకడమే కష్టం. తనలాంటి రోగులను వెతికి, మీ కణితి ముక్కలు పరిశోధనకు ఇవ్వమని అడిగింది. 2014లో వాళ్లు ప్రచురించిన ఫలితం ఏమిటంటే, పరీక్షించిన 15 మంది రోగుల కణితుల్లో 15లోనూ ఒకే లోపం!

అదేమిటో మన భాషలో చెప్తాను. మనకు 19వ క్రోమోజోమ్ అని ఒకటుంది. పుస్తకమనుకోండి. అందులో డీఎన్ఏజేబీ1, పీఆర్‌కేఏసీఏ అని రెండు జన్యువులు కాస్త ఎడంగా ఉంటాయి. వాటి మధ్య నుంచి సుమారు 4 లక్షల అక్షరాలు ఎగిరిపోయి రెండూ అతుక్కుపోయాయి. పత్రికలో మధ్య పేజీలు చిరిగిపోయి, సీరియల్ సగం వాక్యం వంటల పేజీలోని సగం వాక్యంతో కలిసిపోతే ఎలా ఉంటుందో అలా! ఆ తప్పు వాక్యం కణానికి 'పెరుగు, పెరుగు' అని ఆపకుండా చెబుతూనే ఉంటుంది. ట్యాంకు నిండినా ఆగని మోటారులాగ.

ఇప్పుడు ఆ అతుకు ఉందో లేదో పెద్ద ల్యాబుల్లో చూడగలుగుతున్నారు. అయితే 2020లో ఇంకో సంగతి బయటపడింది. క్లోమంలో, పిత్తనాళాల్లో వచ్చే ఇంకో అరుదైన కణితిలోనూ ఇదే అతుకు కనిపించింది. అంటే జన్యు పరీక్ష ఒక్కటి చూసి పేరు పెట్టడానికి లేదు. మైక్రోస్కోపులో కనిపించిన రూపం, స్కానులో కనిపించిన చోటు, ఈ అతుకు, మూడూ కలవాలి. ఎంత కొత్త పరీక్ష వచ్చినా మనిషి కన్ను పని మనిషి కన్నుదే.

పేరు మారితే ఏం మారుతుంది?

"ఏ పేరైతేనేం, క్యాన్సర్ క్యాన్సరే కదా" అనుకోకండి. ఫైబ్రోలామెల్లర్‌కు ముఖ్యమైన వైద్యం ఆపరేషనే. ఇది లింఫు గ్రంథులకు పాకడం ఎక్కువ కాబట్టి సర్జన్ ఆ గ్రంథులను కూడా చూసుకుని తీస్తారు. ముందే పేరు తెలిస్తేనే కదా ఆ ఏర్పాటు! తీసేశాక కూడా మళ్లీ వచ్చే అవకాశం తక్కువేమీ కాదు, కాబట్టి ఏళ్ల తరబడి స్కానింగులు చేయించుకోవాలి. మామూలు లివర్ క్యాన్సర్‌కు వాడే మందులు దీని మీద కూడా అంతే గట్టిగా పనిచేస్తాయన్న రుజువు లేదు. ఇక క్యాన్సర్ కాని ఎఫ్ఎన్‌హెచ్‌ను క్యాన్సర్ అనుకుంటే, అవసరం లేని కోత. తిరగేసి పొరబడితే, చేతికందిన కాలం చేజారిపోవడం. పేరు మీదే ఇంత ఆధారపడి ఉంది.

మన వంతు పనులు

ఇది ఒక్క ఈ కణితికే కాదు, ఏ ముక్క పరీక్షకైనా పనికొచ్చేదే. కత్తిరించి దాచుకోండి.

1. సూది పెట్టేముందు, రక్తం పలుచబడే మందులు వాడుతుంటే తప్పక చెప్పండి. రక్తం గడ్డకట్టే పరీక్షలు చూశాకే లివర్‌కు సూది పెడతారు. తరువాత కొన్ని గంటలు కదలకుండా పడుకోమంటే పడుకోవాలి. "ఏం ఫర్వాలేదు" అని లేచి తిరగకూడదు.

2. ల్యాబుకు వెళ్లే కాగితంలో రోగి వయసు, స్కానింగులో ఏం కనిపించింది, రక్తపరీక్షల్లో ఏం తేలింది అన్నవి రాసి ఉన్నాయేమో డాక్టరును అడగండి. వయసు 16 అని తెలిస్తే పాథాలజిస్టు ఆలోచన ఒక దారిలో వెళుతుంది, 66 అని తెలిస్తే మరో దారిలో వెళుతుంది.

3. రిపోర్టులో చివరి ముక్క మాత్రమే చదివి కంగారు పడకండి. 'సూచిస్తోంది', 'తోసిపుచ్చలేం' అనే అర్థం వచ్చే మాటలుంటే ఇంకా తేలలేదని అర్థం. "ఐహెచ్‌సీ చేశారా, చేయాలా?" అని అడగండి.

4. అరుదైన జబ్బు పేరు రాస్తే, వైద్యం మొదలుపెట్టేముందు ఇంకో పాథాలజిస్టుకు చూపించడం మంచిది. దీనికి మళ్లీ సూది పెట్టించుకోనక్కర్లేదు! ఆ మైనం దిమ్మ, బ్లాకు, గాజుపలకలు ల్యాబులో భద్రంగా ఉంటాయి. రాతపూర్వకంగా అడిగి తీసుకోవచ్చు. ముంబైలోని టాటా మెమోరియల్ లాంటి పెద్ద క్యాన్సర్ ఆసుపత్రికి వెళితే మొదట అడిగేవి అవే. దీనివల్ల మొదటి డాక్టరుకు కోపం వస్తుందేమోనని మొహమాట పడకండి. డాక్టర్లు తమలో తాము కూడా ఇలాగే అడిగి చూసుకుంటారు.

5. బ్లాకులు తెచ్చుకుంటే ఎండలో, పొయ్యి దగ్గర, కారు డిక్కీలో పెట్టకండి. మైనం కదా, కరుగుతుంది. గాజుపలకలు పగలకుండా డబ్బాలో పెట్టి, గుడ్డ చుట్టండి. ఏ నంబరు బ్లాకు తెచ్చారో కాగితం మీద రాసుకోండి. పని కాగానే తిరిగి ఇచ్చేయండి. రేపు కొత్త పరీక్షో కొత్త మందో వస్తే మళ్లీ పనికొచ్చేది అదే.

తల్లులకు ఒక మాట

పిల్లకో పిల్లాడికో ఇలాంటి జబ్బు వచ్చిందని తెలియగానే ఇంట్లో మొదటి వేలు చూపించేది తల్లి వైపే. "ఏం పెట్టావో ఏమో", "ఆ నూనె మంచిది కాదని ముందే చెప్పా", "కడుపుతో ఉన్నప్పుడు ఏం తిన్నావో". అత్తగారు అనకపోతే ఆడపడుచు అంటుంది, ఎవరూ అనకపోతే మన మనసే మనల్ని అంటుంది.

ఫైబ్రోలామెల్లర్ విషయంలో తేలిన సంగతి స్పష్టంగా చెబుతున్నాను. ఆ జన్యువుల అతుకు కణితి కణాల్లో ఉంటుంది, పిల్ల ఒంట్లోని మిగతా కణాల్లో ఉండదు. అంటే అది అమ్మ వైపు నుంచి వచ్చింది కాదు, నాన్న వైపు నుంచి వచ్చింది కాదు. పుట్టాక ఎప్పుడో లివర్‌లోని ఏదో ఒక కణంలో జరిగిన పొరపాటు. ఫలానా తిండి వల్లో, ఫలానా అలవాటు వల్లో వస్తుందని ఇంతవరకు ఎక్కడా రుజువు కాలేదు. అన్నదమ్ముల పిల్లల సంబంధాలు చెడగొట్టడానికి, "వాళ్లింట్లో ఆ జబ్బుందట" అని చెవులు కొరుక్కోవడానికి ఇందులో ఏమీ లేదు.

కాబట్టి మీ ఇంట్లోగానీ, పక్కింట్లోగానీ ముక్క పరీక్ష రిపోర్టు కోసం ఎదురుచూసే తల్లి ఉంటే, ఆమె దగ్గర కూర్చోండి. కారణాలు వెతక్కండి. ఇంత చారన్నం కలిపి పెట్టి, కాగితాలన్నీ ఒక ఫైల్లో సర్దిపెట్టి, డాక్టరును అడగాల్సినవి వరసగా రాసివ్వండి. ఆ సమయంలో మనం చేయగల వైద్యం అదే.

వచ్చే వారం మరో సంగతితో కలుద్దాం.